విశాఖ నుంచి ఢిల్లీకి గోల్ఫ్ బ్యాగుతో: రాజధాని చుట్టూ అందమైన కోర్సుల్లో ఆడి రావడం ఎలా

ముడసర్లోవలో ఈస్ట్ పాయింట్ కోర్సు మీద ఆడేవాళ్లకు కొండను చూస్తూ బంతి కొట్టడం కొత్త కాదు. ఢిల్లీ చుట్టుపక్కల కోర్సుల అందం మాత్రం వేరు. ఒకచోట ఫెయిర్‌వేల (బంతి కొట్టుకుంటూ వెళ్లే గడ్డి దారుల) మధ్య మొఘల్ కాలపు సమాధులుంటాయి, ఇంకోచోట చెట్ల మీదుగా కుతుబ్ మినార్ కనిపిస్తుంది, మరోచోట ఆరావళి రాళ్ల గుట్టలు. నాలుగు రోజులు చేతిలో ఉంటే మూడూ ఆడి రావచ్చు. కాకపోతే మన ఊరి నుంచి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది పేరున్న కోర్సును మొదటి రోజే పెట్టుకుంటారు. ప్రయాణపు బడలిక తీరదు, చలికి చేతులు సాగవు, ఇరుకు ఫెయిర్‌వేలు అలవాటు ఉండవు. తొమ్మిదో హోల్‌కే బంతులు అయిపోతాయి. సులువైనది ముందు, కష్టమైనది చివర. ఈ వరుస కుదిరితే మిగతావి సర్దుకుంటాయి.

ముందు నెల చూసుకోండి

ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి చివరి దాకా అన్నిటికన్నా మంచి కాలం. పొగమంచు పోతుంది, ఎండ ఇంకా ముదరదు. అక్టోబరు మొదటి సగం కూడా బాగుంటుంది. దీపావళి నుంచి నవంబరు చివరి దాకా గాలి పాడవుతుంది. ఆ రోజుల్లో వెళ్లక తప్పదనుకుంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్ రోజూ చూడండి. గాలి నాణ్యత సూచీ 300 దాటిన రోజున నాలుగున్నర గంటలు నడిచి ఆడడం ఒంటికి మంచిది కాదు.

డిసెంబరు చివర, జనవరి నెలల్లో ఇబ్బంది పొగమంచు. హోల్ దగ్గరి జెండా కనబడేదాకా ఎవరినీ టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) మీదకు పంపరు. ఏడున్నరకు బుక్ చేసుకున్నా పదికి మొదలవ్వచ్చు, మీ వెనక వాళ్లూ అందరూ జరుగుతారు. పైగా జనవరిలో అక్కడ ఏడుంపావుకు గానీ సూర్యుడు రాడు. మనలా ఆరింటికి మొదలెట్టి తొమ్మిదిన్నరకు ఇంటికి చేరే పద్ధతి అక్కడ నడవదు. ఆ నెలల్లో వెళితే పదిన్నర, పదకొండు మధ్య టీ టైమ్ అడగండి. మంచు విడిపోయి ఉంటుంది, చీకటి పడేలోగా పద్దెనిమిది హోల్స్ తీరిగ్గా అవుతాయి. రాత్రి తిరుగు విమానం ఉన్న రోజున మాత్రం జనవరిలో ఆట పెట్టుకోకండి.

కోర్సులు, వాటి వరుస

మొదటి రోజుకు దక్షిణ ఢిల్లీ లాడోసరాయ్‌లోని కుతుబ్ గోల్ఫ్ కోర్సు సరైనది. ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ నడిపే ఈ కోర్సు దేశంలో మొట్టమొదటి పబ్లిక్ గోల్ఫ్ కోర్సు. సభ్యుడు వెంట ఉండాలన్న నియమం లేదు, బయటివాళ్లు డబ్బు కట్టి ఆడుకోవచ్చు. డ్రైవింగ్ రేంజ్ (బంతులు కొట్టి సాధన చేసే మైదానం) కూడా అక్కడే. ముందు ఓ యాభై బంతులు కొట్టి ఒళ్లు వేడెక్కాక కోర్సులోకి వెళ్లండి. 72.5 మీటర్ల మినార్ కొన్ని హోల్స్ నుంచి చక్కగా కనిపిస్తుంది. ఇక్కడ ఒక చిక్కుంది. అంత ఎత్తైన కట్టడం వెనక ఉన్నప్పుడు జెండా దగ్గరగా ఉన్నట్టు తోస్తుంది. కంటి అంచనాతో కొడితే బంతి గ్రీన్‌కు (హోల్ చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డికి) ముందే ఆగిపోతుంది. దూరం కొలిచిన అంకెనే నమ్మండి.

రెండో రోజు ఆరావళి వైపు వెళ్లండి. హరియాణాలో తావడూ దగ్గర హసన్‌పూర్‌లో ఉన్న క్లాసిక్ గోల్ఫ్ అండ్ కంట్రీ క్లబ్ అమెరికా గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ రూపొందించిన 27 హోల్స్ కోర్సు. రిడ్జ్, వ్యాలీ, కాన్యన్ అని తొమ్మిదేసి హోల్స్ భాగాలు మూడు. ఢిల్లీ విమానాశ్రయం నుంచి కారులో గంటకు పైనే పడుతుంది. గురుగ్రామ్ దాటేదాకా ట్రాఫిక్ ఎలా ఉంటుందో చెప్పలేం కాబట్టి రెండు గంటల ముందే బయల్దేరండి. దృశ్యం కోసమే వెళ్లేవాళ్లకు మొత్తం ప్రాంతంలో దీన్ని మించినది లేదని మా అభిప్రాయం. ఊరి చప్పుడు వినబడదు, గుట్టలు చుట్టూ ఉంటాయి, ఫెయిర్‌వేలు వెడల్పుగా ఉంటాయి. ముడసర్లోవలో అలవాటైన సూత్రం ఇక్కడా పనికొస్తుంది: గ్రీన్ చదునుగా కనిపించినా బంతి గుట్ట వైపు నుంచి పల్లానికే తిరుగుతుంది.

అంత దూరం వద్దనుకుంటే గురుగ్రామ్‌లోనే డీఎల్ఎఫ్ గోల్ఫ్ అండ్ కంట్రీ క్లబ్ ఉంది. అక్కడి గ్యారీ ప్లేయర్ కోర్సు మీద 2017 నుంచి ఇండియన్ ఓపెన్ జరుగుతోంది. కోర్సు గొప్పదే, కానీ హ్యాండికాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె, తక్కువైతే మంచి ఆటగాడు) 15 దాటినవాళ్లకు సరదాగా ఉండదు. గ్రీన్లు మెట్లు మెట్లుగా ఉంటాయి. జెండా ఉన్న మెట్టు మీద బంతి పడకపోతే మూడు పట్లు (గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బలు) ఖాయం. గ్రేటర్ నోయిడాలో జేపీ గ్రీన్స్ గ్రెగ్ నార్మన్ రూపొందించినది. నీళ్లు ఎక్కువ, బంకర్లు (ఇసుక గుంటలు) ఇంకా ఎక్కువ. అరపూటే చేతిలో ఉంటే మానేసర్ వైపు కర్మా లేక్‌ల్యాండ్స్, తరుధన్ వ్యాలీ తొమ్మిదేసి హోల్స్ కోర్సులు. ఇంట్లోవాళ్లు వెంట వస్తే కర్మా లేక్‌ల్యాండ్స్ బాగుంటుంది.

మూడో రోజు సెలవు తీసుకోండి. ఒళ్లు కోలుకోవాలి. నాలుగో రోజు ఢిల్లీ గోల్ఫ్ క్లబ్.

జాకిర్ హుస్సేన్ మార్గ్‌లో, ఊరి నడిబొడ్డున ఉన్న ఈ క్లబ్ 1931లో లోధీ గోల్ఫ్ క్లబ్‌గా మొదలైంది. పెద్ద కోర్సు పేరు ఇప్పటికీ లోధీ కోర్సే, పార్ (కోర్సు ముగించడానికి ప్రామాణికంగా పెట్టిన దెబ్బల లెక్క) 72. పీటర్ థామ్సన్ 1970ల్లో తీర్చిదిద్దారు, 2019లో గ్యారీ ప్లేయర్ మళ్లీ మార్చారు. క్లబ్ ఆవరణలోనే లాల్ బంగ్లా అనే మొఘల్ కాలపు ఎర్రరాతి సమాధి ఉంది. నెమళ్లు ఫెయిర్‌వే మీద తిరుగుతుంటాయి, మీ బంతి దగ్గరికొచ్చినా తరమకుండా పక్కకెళ్లేదాకా ఆగండి. అందం అంతా ఒక ఎత్తు, ఇరుకు ఇంకో ఎత్తు. రెండు పక్కలా దట్టమైన చెట్లు, వాటి కింద ముళ్ల పొదలు. 2025 అక్టోబరులో డీపీ వరల్డ్ ఇండియా ఛాంపియన్‌షిప్ ఇక్కడ జరిగినప్పుడు ప్రపంచ స్థాయి ఆటగాడు రోరీ మెకల్‌రాయ్ అంతటివాడే డ్రైవర్ (బంతిని అన్నిటికన్నా దూరం కొట్టే పొడవాటి కర్ర) తీయనని ముందే చెప్పాడు. మనం తీయడంలో అర్థం లేదు.

బుకింగ్

పబ్లిక్ కోర్సులకు వారం పది రోజుల ముందు ఫోన్ చేస్తే సరిపోతుంది, శని ఆదివారాలు వదిలేయండి. సోమవారం చాలా కోర్సుల్లో మరమ్మతుల రోజు, ఆ రోజును ప్రయాణానికి వాడుకోండి. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్ లాంటి సభ్యుల క్లబ్బుల్లో అతిథిగా ఆడాలంటే సభ్యుడి ద్వారా వెళ్లడమే సూటి దారి. మీ క్లబ్ కార్యదర్శి నుంచి పరిచయ లేఖ, హ్యాండికాప్ సర్టిఫికెట్ నెల ముందే తీసుకుని, అతిథుల నియమాలేంటో క్లబ్ ఆఫీసులో కనుక్కోండి. నియమాలు మారుతుంటాయి, పోయినేడాది వెళ్లొచ్చినవాళ్ల మాట మీద టికెట్లు కొనొద్దు. మన ఊళ్లో నేవీలో పనిచేసేవాళ్లకు, రిటైరైనవాళ్లకు ఇంకో దారి ఉంది: ధౌలా కువాఁలోని ఆర్మీ గోల్ఫ్ కోర్సు. తెలిసిన అధికారి ద్వారా అడిగి చూడండి.

ధర అడిగేటప్పుడు గ్రీన్ ఫీజు ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. క్యాడీ (బ్యాగు మోస్తూ సాయం చేసే మనిషి), కార్ట్, రేంజ్ బంతులు, జీఎస్టీ, సభ్యుడు లేని అతిథికి అదనపు ఫీజు విడివిడిగా చెప్పించుకోండి. మొత్తం చూస్తే మొదట చెప్పిన దానికి బాగా ఎక్కువే అవుతుంది. పొగమంచు వల్ల ఆట ఆగితే డబ్బు వెనక్కిస్తారా, ఇంకో రోజుకు మారుస్తారా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి.

ఇంటి దగ్గర మూడు వారాలు

ఈ మూడు వారాలూ ఒకే షాట్ సాధన చేయండి: టీ మీద నుంచి హైబ్రిడ్‌తో (ఐరన్‌కూ ఉడ్‌కూ మధ్య రకం కర్రతో) తిన్నగా, కాస్త కిందుగా పోయే దెబ్బ. ముఖం వాలు 19 నుంచి 22 డిగ్రీలున్న హైబ్రిడ్ ఏదైనా సరే. బంతిని నిలబెట్టే పుల్లను, దాన్నీ టీ అనే అంటారు, నేలకు అరంగుళం మించి పైకి ఉంచకండి. ఎత్తుగా పెడితే బంతి పైకి లేచి గాలిలో పక్కకు పోతుంది. బంతిని ఎడమ మడమకు రెండంగుళాలు లోపలికి పెట్టుకోండి, కుడిచేతి వాటం వాళ్లకు. రేంజ్‌లో పాతిక గజాల ఎడంలో రెండు గురుతులు ఎంచుకుని పది బంతులు కొట్టండి. ఏడు మధ్యలో పడుతుంటే మీరు సిద్ధం. నాలుగే పడుతుంటే వేగం నాలుగో వంతు తగ్గించి చూడండి. దూరం పది గజాలు తగ్గవచ్చు, పొదలో వెతుక్కునే పని తప్పుతుంది.

రెండోది చిప్, అంటే గ్రీన్ పక్క నుంచి కొట్టే చిన్న దెబ్బ. ఢిల్లీలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా చలికి బర్ముడా గడ్డి నిద్రపోతుంది, గోధుమరంగుకు మారి పలచబడుతుంది. మన దగ్గర ఏడాది పొడవునా పచ్చగా ఉండే గడ్డి బంతిని కాస్త పైకెత్తి పట్టుకుంటుంది. అక్కడ బంతి దాదాపు మట్టి మీదే కూర్చుంటుంది. బౌన్స్ (అడుగున ఉబ్బు) ఎక్కువున్న శాండ్ వెడ్జ్ వాడితే దాని అడుగు నేలకు తగిలి ఎగిరి బంతి నడుముకు తగులుతుంది, బంతి గ్రీన్ దాటి అవతలికి పోతుంది. దానికి బదులు ఎనిమిదో నంబర్ ఐరన్‌తో పట్ కొట్టినట్టు చిన్నగా నెట్టి దొర్లించడం నేర్చుకోండి.

ఏ టీ నుంచి ఆడాలన్నది కూడా ఇంటి దగ్గరే తేల్చుకోండి. మీ ఐదో ఐరన్ గాలిలో పోయే దూరాన్ని 36తో హెచ్చవేయండి. 150 గజాలైతే 5400. కోర్సు నిడివి ఆ అంకెకు దగ్గరగా ఉన్న టీనే మీది. పరువు కోసం వెనక టీకి వెళితే ప్రతి హోల్‌కీ రెండో దెబ్బకు ఫెయిర్‌వే ఉడ్ తీయాల్సి వస్తుంది. మీ హ్యాండికాప్ ఇండెక్స్ నుంచి ఆ కోర్సుకు వర్తించే హ్యాండికాప్ తీయడానికి లెక్క ఇది: ఇండెక్స్‌ను స్లోప్‌తో (మామూలు ఆటగాళ్లకు కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకెతో) హెచ్చవేసి 113తో భాగించి, కోర్సు రేటింగ్ (మంచి ఆటగాడికి పట్టే దెబ్బల అంచనా) నుంచి పార్ తీసేయగా మిగిలింది కలపండి. ఇండెక్స్ 18, స్లోప్ 130, రేటింగ్ పార్‌కు సమానమైతే 20.7, అంటే 21. బలమైన కోర్సు మీద మీకు అదనంగా వచ్చే స్ట్రోకులవి, వదులుకోకండి.

బ్యాగు సర్దడం

ఎకానమీ టికెట్ మీద దేశీయ విమానాల్లో చెక్ ఇన్ బరువు సాధారణంగా 15 కిలోలు. లెక్క చూడండి: పద్నాలుగు క్లబ్బులు (బంతి కొట్టే కర్రలు) ఐదున్నర నుంచి ఆరు కిలోలు, స్టాండ్ బ్యాగు రెండుంపావు, మెత్తని ట్రావెల్ కవర్ మూడు, బూట్లు దాదాపు కిలో, డజను బంతులు అర కిలో పైన. పన్నెండున్నర, పదమూడు అక్కడే అయిపోయింది. స్వెటర్లు, తువ్వాళ్లు ఇందులోనే కుక్కితే అదనపు బరువుకు డబ్బు కట్టాలి. బట్టలన్నీ ఏడు కిలోల క్యాబిన్ బ్యాగులో పెట్టండి. క్లబ్బులను క్యాబిన్‌లోకి అనుమతించరు, పటర్ ఒక్కటే అయినా సరే. పవర్ బ్యాంకు మాత్రం క్యాబిన్‌లోనే ఉండాలి.

సర్దే ముందు ప్రతి క్లబ్ పొడిగుడ్డతో తుడవండి. మన ఉప్పుగాలికి వెడ్జ్‌ల ముఖం మీద తేమ నిలిచి ఉంటుంది, మూసిన సంచిలో రెండు రోజులుంటే తుప్పు పడుతుంది. గ్రిప్పులను గిన్నెలు కడిగే సబ్బుతో, గోరువెచ్చని నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. చెమట, ఉప్పు పేరుకున్న గ్రిప్ ఢిల్లీ పొడిగాలికి గాజులా జారుతుంది. డ్రైవర్ తల విడదీసే రకమైతే రెంచ్‌తో తీసి సాక్సులో చుట్టి ట్రావెల్ కవర్‌లో పెట్టండి, రెంచ్‌ను చెక్ ఇన్ బ్యాగులోనే వేయండి. తల తీయడానికి వీలు లేకపోతే డ్రైవర్ కన్నా నాలుగంగుళాలు పొడవున్న గట్టి కర్ర ఒకటి బ్యాగులో నిలబెట్టండి. బ్యాగు తలకిందులుగా పడినా దెబ్బ కర్ర తింటుంది, షాఫ్ట్ బతుకుతుంది. ఐరన్ల తలల చుట్టూ ఒక పాత తువ్వాలు బిగించి కడితే సగం నష్టాలు రావు.

రైలంటే ఇష్టమైనవాళ్లకు ఏపీ ఎక్స్‌ప్రెస్ ఉంది, ఒకటిన్నర రోజు ప్రయాణం. థర్డ్ ఏసీలో 40, సెకండ్ ఏసీలో 50 కిలోలు ఉచితం, కింది బెర్తు తీసుకుంటే బ్యాగు దాని కిందే పడుకోబెట్టొచ్చు. ఢిల్లీలో దిగాక మెట్రో ఆలోచన పెట్టుకోకండి. సామాను కొలతల నియమం ఉంది, ట్రావెల్ కవర్ దాన్ని దాటుతుంది. వెనక సీటు మడిచే వీలున్న పెద్ద క్యాబ్ పిలవండి. డ్రోన్ ఇంట్లోనే వదలండి, అనుమతి లేకుండా ఢిల్లీలో ఎగరేయడం నేరం.

కోర్సు మీద

దూరాల విషయంలో మనవాళ్లలో ఒక అపోహ ఉంది: విశాఖ గాలి తేమగా బరువుగా ఉంటుంది, ఢిల్లీ పొడిగాలిలో బంతి ఎక్కువ దూరం పోతుందని. నిజానికి తేమ గాలే కాస్త తేలిక, ఆ తేడా గజం కూడా ఉండదు. లెక్కలోకి వచ్చేది చలి. పది డిగ్రీలు తగ్గితే డ్రైవర్ మీద మూడు నాలుగు గజాలు, నడిమి ఐరన్ మీద రెండు గజాలు పోతాయి. దానికి స్వెటర్ బిగువు, చల్లబడ్డ బంతి తోడైతే జనవరి పొద్దున్న ఒక క్లబ్ ఎక్కువ తీసుకోవాల్సిందే. ఆడబోయే బంతిని ప్యాంటు జేబులో ఉంచుకుని హోల్ హోల్‌కీ మార్చకుండా అదే ఆడండి. హీటర్ మీద కాచడం నియమ విరుద్ధం.

క్యాడీలు హిందీలో మాట్లాడతారు, అంకెలు మాత్రం ఇంగ్లిష్‌లోనే చెబుతారు. మొదటి హోల్ మీదే ఒకటి తేల్చుకోండి: చెప్పే దూరం గ్రీన్ ముందు అంచుకా, జెండాకా? ఈ ఒక్క ప్రశ్న అడగకపోతే పదిహేను గజాల తేడా రోజంతా మిమ్మల్ని ఏడిపిస్తుంది. "దాయే" అంటే కుడి, "బాయే" అంటే ఎడమ, "చఢాయీ" అంటే ఎత్తు. పట్ పోవాల్సిన లైను వాళ్లు చూపిస్తే వేగం మీరు నిర్ణయించుకోండి. పొద్దున్న మంచు తడికి గ్రీన్లు నెమ్మదిగా ఉంటాయి, పదకొండు తర్వాత ఎండకు ఆరి వేగం పెరుగుతుంది. మొదటి తొమ్మిదిలో కుదిరిన పట్ వెనక తొమ్మిదిలో నాలుగడుగులు దాటిపోయేది ఇందుకే.

లోధీ కోర్సు మీద ఆగేవాలాను తప్పకుండా పెట్టుకోండి. బంతి పడే చోట ముందే నిలబడి చూసే మనిషి అతను. నలుగురు కలిసి ఒకరిని పెట్టుకున్నా అతనికిచ్చే డబ్బు మిగిలిన బంతుల్లోనే తిరిగొస్తుంది. బంతి పొద వైపు వెళ్లిందని ఏమాత్రం అనుమానమున్నా అక్కడే నిలబడి ప్రొవిజనల్ (మొదటిది దొరక్కపోతే ఆడే బంతి) అని గట్టిగా చెప్పి ఇంకోటి కొట్టండి. వెతకడానికి మూడు నిమిషాలే సమయం. ముళ్ల మధ్య బంతి దొరికితే అరచేయి పట్టే సందులోంచి బయటికి తీయాలనే ఆశ పుడుతుంది. క్లబ్ కొమ్మకు తగిలి ముఖం తిరుగుతుంది, బంతి ఇంకో అడుగు లోపలికి పోతుంది. అన్‌ప్లేయబుల్ (ఆడడానికి వీల్లేని బంతి) అని ప్రకటించి ఒక పెనాల్టీతో, జెండాకు దగ్గర కాకుండా, రెండు క్లబ్బుల దూరంలో డ్రాప్ చేయండి. ఆ రెండు క్లబ్బులు కొలవడానికి పటర్ తప్ప బ్యాగులో అన్నిటికన్నా పొడవైనది వాడాలి. డ్రైవర్‌కు అక్కడ దొరికే పని అదే. కట్టడాల దగ్గర బంతి పడితే ఏం చేయాలో స్కోర్‌కార్డు వెనక లోకల్ రూల్స్‌లో చదివి, అర్థం కాకపోతే మొదటి టీ దగ్గరే ఆటగాళ్లను వరుసగా పంపే స్టార్టర్‌ను అడగండి.

ఫోటోలు గ్రీన్ దిగాక, తర్వాతి టీకి నడుస్తూ తీసుకోండి. వెనక వాళ్లు ఆగి చూస్తుంటే చెయ్యి ఊపి ముందుకు పంపేయండి.

ఆట ముగిశాక అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్ కారులో కొద్ది నిమిషాల దూరమే. కాలరున్న టీషర్టుతో, బూట్లు మార్చుకుని నేరుగా వెళ్లొచ్చు. ఆదివారం వరుస పొడవుగా ఉంటుంది. అయితే క్లబ్ వదిలే ముందు, క్యాడీ ఎదురుగానే, క్లబ్బులు లెక్కపెట్టండి. ఎక్కువగా మరిచిపోయేది గ్రీన్ అంచున పడేసిన వెడ్జ్, ఆ తర్వాత పటర్ కవర్.